'జానే భీ దో యారో': శవం చుట్టూ నవ్వులు, ఫ్లైఓవర్ కింద నిజం

పిడుగురాళ్ల మీదుగా దాచేపల్లి వైపు వెళ్లే ఎవరికైనా రోడ్డు పక్క సున్నపు బట్టీలు, వాటి మీద లేచే తెల్లటి పొగ, ఆకుల మీద పేరుకున్న దుమ్ము కనిపిస్తాయి. మాచర్లలో కేసీపీ సిమెంట్ ఫ్యాక్టరీ 1958 నుంచే ఉంది. సున్నపురాయి, సిమెంటు, లారీలు.. పల్నాడులో సగం బతుకులు వీటి చుట్టూ తిరుగుతాయి. సిమెంటులో ఇసుక పాలు పెరిగితే ఏమవుతుందో ఇక్కడి తాపీమేస్త్రీకి ఎవరూ చెప్పక్కర్లేదు. సరిగ్గా ఆ విషయం మీదే, అంటే నాసిరకం సిమెంటు, కూలిన వంతెన, దాని వెనక జరిగిన ఒక హత్య మీద, 1983లో హిందీలో ఒక సినిమా వచ్చింది. పేరు 'జానే భీ దో యారో'. తెలుగులో చెప్పుకోవాలంటే 'పోనీలెండ్రా మిత్రులారా' అన్నట్టు.

ఉర్దూ, హిందీ వచ్చినవాళ్లలో కూడా ఈ సినిమాను పేరు విని వదిలేసినవాళ్లే ఎక్కువ. తెలుగే ఇంటి భాషగా ఉన్న నూర్‌బాషా కుటుంబాల్లోనైతే పేరు కూడా వినని వాళ్లుంటారు. నసీరుద్దీన్ షా అంటే 'మీర్జా గాలిబ్' సీరియల్ గుర్తొస్తుంది గానీ, కెమెరా మెడలో వేసుకుని శవాన్ని మోసుకు తిరిగిన ఫొటోగ్రాఫర్ వినోద్ గుర్తురాడు. విడుదలైనప్పుడు పెద్దగా ఆడలేదు. హంగామా లేదు, స్టార్లు లేరు, పాటలు లేవనే చెప్పాలి. ఇరవై ముప్పై ఏళ్లు గడిచాక అదే సినిమా హిందీలో వచ్చిన గొప్ప హాస్య చిత్రాల వరుసలో ముందు నిలబడింది.

బీజం పడింది హైదరాబాద్‌లో

ఈ బొంబాయి కథకు మూలం మన దగ్గరే ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. దర్శకుడు కుందన్ షా (1947-2017) పూణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువుకున్నారు. ఆయనతో చదివిన మిత్రులు చదువు ముగిశాక హైదరాబాద్ వచ్చి ఫొటో స్టూడియో పెట్టుకున్నారు. ఫ్యాక్టరీలకు, కంపెనీలకు ఫొటోలు తీసిపెట్టే పని. సినిమాలు తీద్దామని చదువుకున్న కుర్రాళ్లు, చివరికి యంత్రాలను ఫొటోలు తీస్తూ అద్దె కట్టడానికి తంటాలు పడ్డారు. వాళ్ల అగచాట్లు వింటూ కుందన్ షా నవ్వుకున్నారు, ఆ నవ్వులోంచే కథ పుట్టింది.

అందుకే ఆ సినిమాలో హీరోలిద్దరి పేదరికం అతికించినట్టు ఉండదు. కొత్తగా తెరిచిన స్టూడియోకి గిరాకీ రాక ఈగలు తోలుకునే బాధ చిన్న ఊళ్లలో షాపు పెట్టిన ప్రతివాడికీ తెలిసిందే. నరసరావుపేటలోనో వినుకొండలోనో అప్పుచేసి షట్టర్ ఎత్తిన ఏ కుర్రాడైనా ఆ ఇద్దరిలో తనను చూసుకుంటాడు.

అదే 1983లో శ్యామ్ బెనెగల్ 'మండీ' కూడా వచ్చింది. గులాం అబ్బాస్ రాసిన 'ఆనందీ' అనే ఉర్దూ కథ ఆధారంగా హైదరాబాద్ నేపథ్యంలో తీసిన సినిమా అది. నసీరుద్దీన్ షా, ఓం పురి, పంకజ్ కపూర్, నీనా గుప్తా, సతీష్ కౌశిక్ రెండింటిలోనూ ఉన్నారు. రెండింటికీ సంగీతం వన్‌రాజ్ భాటియాదే. ఒకే బృందం, తక్కువ డబ్బుతో, ఒకే కాలంలో ఎంత వేర్వేరు పనులు చేసిందో చూడాలంటే ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

కథ

వినోద్ చోప్రా (నసీరుద్దీన్ షా), సుధీర్ మిశ్రా (రవి బాస్వానీ) బొంబాయి హాజీ అలీ ప్రాంతంలో బ్యూటీ ఫొటో స్టూడియో తెరుస్తారు. గిరాకీ ఉండదు. 'ఖబర్దార్' అనే పత్రిక సంపాదకురాలు శోభా సేన్ (భక్తి బర్వే) వాళ్లకో పని ఇస్తుంది. తర్నేజా (పంకజ్ కపూర్) అనే బిల్డర్‌కీ, మునిసిపల్ కమిషనర్ డిమెల్లో (సతీష్ షా)కీ మధ్య నడుస్తున్న లంచాల వ్యవహారాన్ని ఫొటోలు తీసి పట్టివ్వాలి. అవినీతిని బయటపెట్టే పని కదా అని ఇద్దరూ సంబరపడతారు.

మధ్యలో అహూజా (ఓం పురి) అనే ఇంకో బిల్డర్ ఉన్నాడు. ఫ్లైఓవర్ కాంట్రాక్టు ఎవరికి దక్కాలన్నది తర్నేజాకీ అతనికీ పోటీ. కమిషనర్ ఎవరు ఎక్కువిస్తే వాళ్ల వైపు.

ఈలోగా ఫొటోల పోటీ ఒకటి ప్రకటిస్తారు. బహుమతి 5000 రూపాయలు. ఆ డబ్బు వస్తే స్టూడియో గట్టెక్కుతుందని ఇద్దరూ ఊరంతా తిరిగి ఫొటోలు తీస్తారు. కడిగి చూసేసరికి ఒక పార్కులో తీసిన ఫొటో మూలన ఏదో కనిపిస్తుంది. పెద్దది చేస్తారు. ఇంకా పెద్దది చేస్తారు. ఎవరో ఒకరిని కాలుస్తున్నారు, కాలుస్తున్నది తర్నేజా! ఇటలీ దర్శకుడు ఆంటోనియోని 1966లో తీసిన 'బ్లో అప్'లో ఇలాగే ఒక ఫొటోగ్రాఫర్ ఫొటోను పెద్దది చేస్తూ పోయి హత్యను కనుక్కుంటాడు. ఆ రుణం దాచుకోకుండా కుందన్ షా తన సినిమాలో పార్కుకి 'ఆంటోనియోని పార్క్' అనే పేరు పెట్టారు.

చనిపోయింది కమిషనర్ డిమెల్లో. కానీ లోకానికి చెప్పింది వేరు. ఆయన జబ్బుతో పోయాడని ప్రకటిస్తారు, సంతాపాలు చెబుతారు, ఆయన పేరు మీదే ఫ్లైఓవర్ ప్రారంభిస్తారు. ఆ స్మారక సభలో కొత్త కమిషనర్ చేసే ప్రసంగం సినిమాలో అతి చేదైన హాస్యం. దేశం ఎంత ముందుకెళ్లిందో చెప్పేది మురికి కాలువేనని చనిపోయినాయన నమ్మేవాడట, జీవితమంతా మురికి కాలువలకే ధారపోశాడట. వింటున్న పెద్దమనుషులు తలలూపుతుంటారు.

శవపేటిక ఆ ఫ్లైఓవర్ దగ్గరే పూడ్చి ఉంటుంది. వినోద్, సుధీర్ రాత్రిపూట తవ్వి తీస్తారు. అక్కడి నుంచి శవమే అసలు హీరో. పోతుంది, దొరుకుతుంది, చేతులు మారుతుంది. ఒక చోట పీకలదాకా తాగిన అహూజా నడిరోడ్డు మీద శవపేటికను చూసి, ఎవరిదో కారు చెడిపోయి ఆగిందనుకుంటాడు. లోపలున్న శవంతో మర్యాదగా మాట్లాడతాడు, సాయం చేస్తానంటాడు, తన కారుకి కట్టి లాక్కుపోతాడు. ఓం పురిని బరువైన పాత్రల్లోనే చూసినవాళ్లకు ఈ సీన్ నమ్మబుద్ధి కాదు.

ఇంతలో ఫ్లైఓవర్ కూలిపోతుంది. నిజం బయటపెట్టాల్సిన సంపాదకురాలు శోభా ఆ ఆధారాలతో బిల్డర్ని బెదిరించి డబ్బు గుంజే పనిలో ఉందని కుర్రాళ్లకు తెలుస్తుంది. ఇక అందరికీ శవం కావాలి. బిల్డర్లకి కావాలి, పత్రికకి కావాలి, అధికారికి కావాలి. నిజం కోసం కావలసింది ఆ ఇద్దరికే.

స్టేజీ మీద ద్రౌపది

పరుగులు తీస్తూ తీస్తూ అందరూ ఒక నాటకం స్టేజీ మీదికి ఎక్కేస్తారు. అక్కడ జరుగుతున్నది మహాభారతం, ద్రౌపదీ వస్త్రాపహరణం. డిమెల్లో శవానికే చీర చుట్టి ద్రౌపదిగా నిలబెడతారు. దుర్యోధనుడి వేషంలో ఉన్నవాడు వస్త్రాపహరణం చేస్తే శవం బయటపడుతుంది కాబట్టి, ద్రౌపదిని చూశాక ఆ ఆలోచన మానుకున్నానని సభలో ప్రకటిస్తాడు. అహూజా కూడా గద అందుకుంటాడు. గుడ్డి ధృతరాష్ట్రుడు ఏం జరుగుతోందో అర్థం కాక, ఇదేం జరుగుతోంది ఇదేం జరుగుతోంది అని అడుగుతూనే ఉంటాడు. చివర్లో అక్బర్, సలీం కథ కూడా అదే స్టేజీ మీదికి దూసుకొస్తుంది. ఇక ఏది భారతమో ఏది మొఘల్ దర్బారో ఎవరికీ తెలియదు.

ఈ ఘట్టం ఉత్తరాదివాళ్ల కంటే మనవాళ్లకే ఎక్కువ అందాలి. గుంటూరు, పల్నాడు వైపు పద్యనాటకాలు చూసి పెరిగిన తరం ఇంకా ఉంది. తిరునాళ్లలో తెల్లవార్లూ ఆడే నాటకాల్లో ఒక నటుడు సమయానికి రాకపోతే పక్కవాడు ఆ వేషం కట్టడం, పద్యం మరిచిపోయి సొంత మాటలు కలపడం, హార్మోనిస్టు కప్పిపుచ్చడం.. ఇవన్నీ ముస్లిం ఇళ్లలోని పెద్దవాళ్లు కూడా చెప్పుకుని నవ్వే సంగతులే. మగవాళ్లు ఆడవేషం కట్టడమూ మనకి కొత్త కాదు. బాపట్లకు చెందిన స్థానం నరసింహారావు ఆడవేషాలతోనే దేశమంతా పేరు తెచ్చుకున్నారు. కాబట్టి చీర కట్టిన శవాన్ని ద్రౌపది అని నమ్మి చప్పట్లు కొట్టే ప్రేక్షకులను చూస్తే తెలుగువాడికి నవ్వుతో పాటు కొంచెం సిగ్గూ వేస్తుంది.

ఆ తర్వాత వచ్చే ముగింపులో మాత్రం నవ్వు లేదు. పోలీసులొస్తారు. పెద్దలందరూ ఒక్కటైపోతారు. వంతెన కూలిన నేరం ఫొటోగ్రాఫర్లిద్దరి మెడకు చుడతారు. ఖైదీ దుస్తుల్లో నగరం వీధిలో నడుస్తూ వినోద్, సుధీర్ కెమెరా వైపు తిరిగి, గొంతు కోస్తున్నట్టు చేత్తో సైగ చేస్తారు. వెనక 'వి షల్ ఓవర్‌కమ్' పాట హిందీ రూపం వినిపిస్తుంటుంది. స్కూళ్లలో ఆగస్టు 15కి పిల్లలు పాడే పాటే అది. ఆ పాటను అంత చేదుగా వాడుకున్న సినిమా మరొకటి దొరకదు.

7 లక్షల లోపు బడ్జెట్, అప్పు తెచ్చిన కెమెరా

నిర్మాత ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీ. ఖర్చు మొత్తం 7 లక్షల రూపాయల లోపే. ఆ రోజుల్లో కూడా పెద్ద హిందీ సినిమాకి ఇది చిల్లర కిందే లెక్క. నటులు దాదాపు ఉత్త చేతులతో పనిచేశారు. సినిమాలో వినోద్ మెడలో వేలాడే కెమెరా నసీరుద్దీన్ షా సొంతది, షూటింగ్‌లో దాన్ని ఎవరో ఎత్తుకుపోయారు. అవినీతి మీద సినిమా తీస్తుంటే సెట్‌లోనే దొంగతనం జరగడం ఆ బృందం తర్వాత చాలాసార్లు చెప్పుకుని నవ్వుకున్న సంగతి.

హీరోల పేర్లు ఎక్కడివో కాదు, షూటింగ్‌లో పనిచేస్తున్నవాళ్లవే. సుధీర్ మిశ్రా కుందన్ షాతో కలిసి స్క్రీన్‌ప్లే రాశారు. విధు వినోద్ చోప్రా ప్రొడక్షన్ పనులు చూశారు, ఆర్టిస్టు రాకపోతే దుశ్శాసనుడి వేషం కూడా తనే కట్టారు. ఇద్దరూ తర్వాత పేరున్న దర్శకులయ్యారు. మాటలు రంజిత్ కపూర్, సతీష్ కౌశిక్ రాశారు. ఛాయాగ్రహణం బినోద్ ప్రధాన్, ఎడిటింగ్ రేణు సలూజా. మొదట తీసింది చాలా పొడవు. ఎడిటింగ్‌లో పెద్ద పెద్ద ముక్కలే పోయాయి. అనుపమ్ ఖేర్ 'డిస్కో కిల్లర్' అనే హంతకుడి పాత్ర వేశారు, సినిమాలో ఆ పాత్ర ఎక్కడా కనిపించదు.

నసీరుద్దీన్ షాకి షూటింగ్ జరుగుతున్నంత కాలం ఈ కథ మీద గురి కుదరలేదు. ఒకే గదిలో ఇద్దరు మనుషులు వీపులు ఆనించుకుని నిలబడి, ఫోనులో ఒకరితో ఒకరు మాట్లాడుకునే సీన్ ఒకటుంది. ఇందులో తర్కం ఏముంది, ఎవరు నమ్ముతారు అని ఆయన వాదించారు. నేటికీ జనం పదే పదే చెప్పుకునే సీన్లలో అదొకటి. నటుడి తెలివి ఒక్కోసారి దర్శకుడి పిచ్చి ముందు ఓడిపోవడమే సినిమాకి మంచిదేమో.

ఆనాటి గాలి

సినిమా 1983 ఆగస్టు 12న విడుదలైంది. అంతకు ఏడు నెలల ముందే ఆంధ్రలో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయ్యారు. ఇక్కడ జనం రాజకీయ నాటకాన్ని నిజంగానే చూస్తున్న రోజులు. మహారాష్ట్రలో దానికి ముందు ఏడాది, 1982 జనవరిలో, సిమెంటు కేటాయింపుల వ్యవహారంలో బొంబాయి హైకోర్టు తీర్పు తర్వాత ముఖ్యమంత్రి ఏ.ఆర్. అంతులే రాజీనామా చేశారు.

ఇప్పటి పిల్లలకు ఇది అర్థం కావాలంటే ఒక మాట చెప్పాలి. అప్పట్లో సిమెంటు షాపుకెళ్లి కొనుక్కునే సరుకు కాదు. ధర, పంపిణీ అంతా సర్కారు చేతిలో ఉండేది. ఇల్లు కట్టుకోవాలంటే అర్జీ పెట్టి పర్మిట్ తెచ్చుకోవాలి. 1982 ఫిబ్రవరిలో కొంత మేరకు, 1989లో పూర్తిగా ఆ కంట్రోల్ ఎత్తేశారు. సిమెంటు పుట్టే పల్నాడులో కూడా పర్మిట్ లేకుండా బస్తా దొరకడం కష్టమైన కాలం అది. బిల్డరు ఇసుక కలిపి సిమెంటు మిగుల్చుకుంటున్నాడంటే, అతను దొంగిలిస్తున్నది ఎంత విలువైన సరుకో ఆనాటి ప్రేక్షకుడికి వివరించక్కర్లేదు.

వంతెనల సంగతి మాత్రం పాతబడలేదు. 2007 సెప్టెంబరులో హైదరాబాద్ పంజాగుట్టలో కడుతున్న ఫ్లైఓవర్ కూలింది. 2016 మార్చి 31న కోల్‌కతాలో వివేకానంద రోడ్డు ఫ్లైఓవర్ కూలి ఇరవై మందికి పైగా చనిపోయారు. కడుతున్న కంపెనీ తరఫున మాట్లాడిన ఒకాయన అది దేవుడి పని అన్నారు. ఆ మాట విన్నవాళ్లలో ఎంతమందికి డిమెల్లో స్మారక సభ గుర్తొచ్చిందో. 2022 అక్టోబరు 30న గుజరాత్ మోర్బీలో తీగల వంతెన తెగి 135 మంది పోయారు. ప్రతిసారీ సోషల్ మీడియాలో ఈ సినిమా ముక్కలు మళ్లీ తిరుగుతాయి.

జనం ఎలా తీసుకున్నారు

విడుదలైనప్పుడు చూసినవాళ్లు మెచ్చుకున్నారు, కానీ చూసినవాళ్లే తక్కువ. దర్శకుడి తొలి చిత్రానికి ఇచ్చే జాతీయ అవార్డు కుందన్ షాకి వచ్చింది. హాస్యనటుడిగా రవి బాస్వానీకి ఫిల్మ్‌ఫేర్ అవార్డు వచ్చింది. అంతే. థియేటర్ల నుంచి వెళ్లిపోయింది.

దాన్ని బతికించింది టీవీ. 1980ల మధ్యలో చిన్న పట్టణాలకు దూరదర్శన్ వచ్చాక ఈ సినిమాను మళ్లీ మళ్లీ వేశారు. ఒకే చానెల్, ఇంకో దారి లేదు, వీధిలో ఒకరింట్లో టీవీ ఉంటే పది ఇళ్లవాళ్లు అక్కడే. సినిమా హాలుకి పంపని ఇళ్లలో ఆడవాళ్లూ, పిల్లలూ కూడా అలా చూశారు. తర్వాత వీడియో క్యాసెట్లు, సీడీలు. 2010లో జై అర్జున్ సింగ్ ఈ ఒక్క సినిమా మీదే ఇంగ్లీషులో ఒక పుస్తకం రాశారు. 2012 నవంబరు 2న ఎన్‌ఎఫ్‌డీసీ శుభ్రం చేసిన ప్రింటుతో మళ్లీ థియేటర్లకు వచ్చింది. అప్పుడు టికెట్టు కొన్నవాళ్లలో చాలామంది మొదటి విడుదల నాటికి పుట్టనే లేదు.

శవాన్ని పెట్టుకుని నవ్వించే సినిమాలకు ప్రపంచంలో ఎక్కడైనా మొదట ఇదే గతి. చార్లీ చాప్లిన్ 1947లో 'మాన్సియర్ వెర్దూ' తీశారు. పెళ్లాడిన ఆడవాళ్లను చంపి ఆస్తి కాజేసే మర్యాదస్తుడి కథ. ప్రపంచాన్ని అంత నవ్వించిన చాప్లిన్‌ని అమెరికాలో జనం ఆ సినిమాకి దగ్గరికి రానివ్వలేదు, బహిష్కరణ పిలుపులు కూడా వచ్చాయి. హిచ్‌కాక్ 1955లో 'ది ట్రబుల్ విత్ హ్యారీ' తీశారు. పల్లెటూళ్లో దొరికిన ఒక శవాన్ని పూడ్చడం, తవ్వడం, మళ్లీ పూడ్చడం. అమెరికాలో పోయింది, పారిస్‌లో మాత్రం బాగా ఆడింది. తర్వాత ఏళ్ల తరబడి ఎవరికీ చూడ్డానికి దొరకలేదు, 1980ల్లోనే మళ్లీ బయటికొచ్చింది.

తెలుగులో హత్యను హాస్యంగా చూపే ధైర్యం ఆలస్యంగా వచ్చింది. మన సినిమాలో, ముఖ్యంగా పల్నాడు పేరు చెప్పిన సినిమాలో, చావంటే కత్తి, పౌరుషం, ప్రతీకారం. 'పల్నాటి యుద్ధం' పేరుతో 1947లో ఒకటి, 1966లో ఒకటి వచ్చాయి. 2022లో వచ్చిన 'మాచర్ల నియోజకవర్గం' కూడా ఆ దారిలోదే. విచిత్రం ఏమిటంటే అదీ ఆగస్టు 12నే విడుదలైంది. 1983 నాటి 'జానే భీ దో యారో' తేదీ అదే. ఒకే తేదీ తప్ప రెండింటికీ ఇంకే పోలికా లేదు.

దగ్గరగా వచ్చిన తెలుగు సినిమా అంటే రితేష్ రానా 2019 డిసెంబరులో తెచ్చిన 'మత్తు వదలరా'. జీతం చాలని డెలివరీ కుర్రాళ్లు, ఒక ఫ్లాట్, ఒక శవం. పనిచేసే కుర్రాళ్ల పేదరికంలోంచే కథ మొదలవడం, డబ్బు కోసం వేసిన ఒక్క తప్పటడుగు వాళ్లను హత్య దాకా లాక్కెళ్లడం చూస్తే వినోద్, సుధీర్ గుర్తుకొస్తారు. తేడా కూడా ఉంది. తెలుగు సినిమా ప్రేక్షకుడిని గట్టెక్కించి ఇంటికి పంపుతుంది, హిందీ సినిమా ఉరితాడు దాకా తీసుకెళ్లి వదిలేస్తుంది. అదే ఏడాది వచ్చిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' నెల్లూరు నేపథ్యంలో రైలు పట్టాల పక్కన దొరికే అనాథ శవాల చుట్టూ నవ్విస్తూనే మనసు బరువెక్కిస్తుంది. రెండూ బాగానే ఆడాయి. ముప్పై ఆరేళ్లలో ప్రేక్షకుడు మారాడన్నమాట.

ఇంట్లో చూడొచ్చా?

ముస్లిం ఇళ్లలో ఈ ప్రశ్న రాక తప్పదు. మయ్యత్‌ని ఆటబొమ్మలా ఈడ్చుకుపోవడం చూసి నవ్వడమేంటని పెద్దవాళ్లు అడిగితే తప్పులేదు. గుసుల్, కఫన్, జనాజా నమాజు, వీలైనంత త్వరగా దఫన్.. చనిపోయినవారి పట్ల ఇంత మర్యాద నేర్పిన ఇళ్లలో పెరిగినవాళ్లకు మొదటి అరగంట ఇబ్బందిగానే ఉంటుంది. అయితే సినిమాలో ఆ శవానికి జరిగిన అసలు అవమానం ఏమిటో గమనించాలి. కుర్రాళ్లు లాక్కెళ్లడం కాదు. చంపినవాళ్లే దండలేసి, అబద్ధపు జబ్బు పేరు చెప్పి, ఆయన పేరు మీద నాసిరకం వంతెన కట్టి, దాని కిందే పాతిపెట్టడం. దర్శకుడి కోపమంతా అక్కడుంది.

డిమెల్లో కూడా మంచివాడేం కాదు. బతికుండగా కేకు కొంచెం తిని కొంచెం విసిరెయ్యడమే నాగరికత అని అమెరికా కబుర్లు చెప్పిన మనిషి. కానీ లంచగొండి చావు కూడా హత్యే కదా, న్యాయం అతనికీ జరగాలి కదా అని సినిమా మనసులో ఒక ముల్లు గుచ్చి వదులుతుంది.

అసభ్యత లేదు. నెత్తురు చిమ్మే సీన్లు లేవు. తాగే సీన్లున్నాయి, అహూజా ఎప్పుడూ మత్తులోనే ఉంటాడు. పదేళ్లు దాటిన పిల్లలు పెద్దవాళ్లతో కలిసి చూడొచ్చు. చివరి సైగ గురించి మాత్రం వాళ్లు తప్పకుండా అడుగుతారు, జవాబు సిద్ధంగా పెట్టుకోవాలి. భాష మామూలు హిందుస్తానీ, ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు. ఒక చోట 'ఆల్బర్ట్ పింటో' అన్న పేరుతో రహస్య సంకేతం నడుస్తుంది. అది సయీద్ అఖ్తర్ మీర్జా 1980లో తీసిన సినిమా పేరు మీద వేసిన జోకు. అందులో ఆల్బర్ట్ పింటోగా నటించింది కూడా నసీరుద్దీన్ షానే.

తర్వాత

కుందన్ షా టీవీకి వెళ్లారు. సయీద్ మీర్జాతో కలిసి 'నుక్కడ్' చేశారు, ఆర్.కె. లక్ష్మణ్ పాత్రలతో 'వాగ్లే కీ దునియా' చేశారు. 1994లో షారుఖ్ ఖాన్‌తో తీసిన 'కభీ హా కభీ నా' కూడా విడుదలైనప్పటి కంటే తర్వాతే ఎక్కువ ప్రేమను సంపాదించుకుంది. ఆయన అదృష్టమే అంత, చప్పట్లు ఎప్పుడూ ఆలస్యంగా మోగాయి.

2015 నవంబరులో దేశంలో అసహనం పెరుగుతోందంటూ, పూణే ఇన్‌స్టిట్యూట్ విద్యార్థులకు మద్దతుగా కొందరు సినిమావాళ్లు జాతీయ అవార్డులు వెనక్కి ఇచ్చారు. వాళ్లలో కుందన్ షా ఒకరు, సయీద్ మీర్జా ఒకరు. కుందన్ షా వెనక్కి ఇచ్చింది 'జానే భీ దో యారో'కి వచ్చిన అవార్డునే. ఇలాంటి సినిమా ఇప్పుడు తీయడం సాధ్యం కాదని ఆయన అన్నారు. ఈ చర్యను మెచ్చుకున్నవాళ్లున్నారు, నాటకం అని తిట్టినవాళ్లున్నారు.

రవి బాస్వానీ 2010 జులైలో, ఓం పురి 2017 జనవరిలో, కుందన్ షా అదే ఏడాది అక్టోబరు 7న పోయారు. సతీష్ షా 2025 అక్టోబరు 25న కన్నుమూశారు. వందల పాత్రలు వేసిన మనిషి. సినిమాలో కదలకుండా, రెప్ప కొట్టకుండా, అందరి చేతుల్లో మారుతూ నవ్వించిన కమిషనర్ డిమెల్లో ఫొటోనే ఆయన సంతాప వార్తల్లో ఎక్కువచోట్ల కనిపించింది.